గాలి చక్రానికి పేరిచ్చిన పశువైద్యుడు: జాన్ బాయిడ్ డన్లప్

మహాపురుషుల జీవితచరిత్రలనగానే మనకు చక్రవర్తులు, కవులు, దేశనాయకులు స్ఫురించడం సహజం. కాని ప్రతిదినం మన కంటి ముందు కనబడే వస్తువులపై పేరు మాత్రం మిగిల్చి, తమ జీవితాన్ని మరుగున ఉంచుకున్న మహనీయులు కూడా లోకంలో కొందరున్నారు. అట్టివారిలో జాన్ బాయిడ్ డన్లప్ ఒకడు. టైరు అన్న మాట తెలిసిన ప్రతివారికీ ఆయన పేరు తెలుసు. ఆయన ఇంజనీరు కాడనీ, యంత్రశాలలో పనిచేసినవాడు కాడనీ, గుర్రాలకూ పశువులకూ వైద్యం చేసి జీవించినవాడనీ తెలిసినవారు తక్కువ. తన పేరుతో నడిచిన వ్యాపారం వల్ల ఆయనకు దక్కినది స్వల్పమేనని తెలిసినవారు మరీ తక్కువ.

మన నగరంలో జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిల్మ్ నగర్ వరకు ఎగుడుదిగుడుగా సాగే రాతికొండల బాటలపై రాత్రింబగళ్ళు కార్లు పరుగెత్తుతూ ఉంటాయి. ఎంత విలువైన కారయినా భూమిని తాకేది అరచేయి వెడల్పున్న నాలుగు రబ్బరు తునకల మీదనే. ఆ రబ్బరును నిలబెట్టేది లోపల బంధింపబడిన గాలి. ఆ గాలికి కాపలా కాసేది చిటికెన వ్రేలంత వాల్వు. మేకు గుచ్చుకున్న జాడ లేకుండానే ఒక చక్రం ప్రతి వారమూ మెల్లమెల్లగా కూలబడుతున్నదంటే, తరచుగా దోషం ఆ చిన్న ద్వారపాలకునిదే. డన్లప్ జీవితాన్ని తెలుసుకోవడమూ, ఆ జీవితం వెలుగులో ఈ చిన్న వస్తువు తత్త్వాన్ని గ్రహించడమూ ఈ వ్యాసంలో మేము పెట్టుకున్న లక్ష్యాలు.

డన్లప్ 1840వ సంవత్సరం ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశంలో ఎయిర్‌షైర్ ప్రాంతానికి చెందిన డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అని ఇంట్లో చెప్పగా విని, తాను దుర్బలుడనే భావం ఆయనకు బాల్యంలోనే నాటుకున్నది. జీవితమంతా ఆయన ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూనే మెలిగాడు. విచిత్రమేమంటే, అట్లా భయపడిన మనిషికి ఎనభై ఏళ్ళు దాటేవరకు చెప్పుకోదగిన జబ్బేదీ చేయలేదు. దేహబలం లేదనుకున్నవాడు సూక్ష్మ పరిశీలనను తన బలంగా చేసుకున్నాడు. ఎడింబరో నగరంలోని డిక్ పశువైద్య కళాశాలలో చదివి, పందొమ్మిదవ ఏటనే పట్టా పుచ్చుకున్నాడు.

1867లో ఆయన ఐర్లండుకు తరలివెళ్ళాడు. మొదట డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరుడు జేమ్స్‌తో కలిసి పశువైద్యశాల నెలకొల్పాడు. తరువాత బెల్‌ఫాస్ట్ నగరానికి మారి, మే వీధిలో వైద్యం సాగించాడు. ఆ రోజులలో నగరజీవితమంతా గుర్రం మీదనే ఆధారపడి ఉండేది. సరకుల బండ్లు, ప్రయాణికుల బండ్లు అన్నీ గుర్రాలు లాగినవే. అందువల్ల మంచి పశువైద్యునికి క్షణం తీరిక ఉండేది కాదు. 1880ల మధ్యకాలానికి ఆయన వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలల్లో ఒకటిగా పేరు పొందింది. అంతటితో తృప్తి చెంది ఉంటే ఆయన సుఖంగా కాలం వెళ్ళబుచ్చి ఉండేవాడు, మనకు ఆయన పేరు తెలిసి ఉండేది కాదు.

అప్పటి చక్రాల స్థితి ఎట్లా ఉండేదో ఇక్కడ మనం గుర్తుచేసుకోవాలి. బండి చక్రాలకు ఇనుప పట్టాలు, సైకిళ్ళకు గట్టి రబ్బరు పట్టీలు ఉండేవి. బెల్‌ఫాస్ట్ వీధులు రాళ్ళు పరచిన వీధులు. వాటిపై సాగే ప్రతి చక్రమూ ప్రతి రాతి దెబ్బనూ నేరుగా ఎక్కినవాని వెన్నెముకకు అందించేది. డన్లప్ కుమారుడు జానీ తన మూడు చక్రాల సైకిలును ఆ రాళ్ళపై తొక్కడానికి ఎంతో శ్రమపడేవాడు. కుమారుని కష్టం చూసి తండ్రి జాలిపడి ఊరకుండలేదు. చక్రానికీ నేలకూ నడుమ మెత్తదనం ఎట్లా కల్పించాలి అని యోచించాడు. రబ్బరుతో పనిచేయడం ఆయనకు కొంత పరిచయమున్న విద్యే.

1887 అక్టోబరులో ఆయన తన ఇంటి ఆవరణలో ఒక ప్రయోగం చేశాడు. గుండ్రని చెక్క పళ్ళెం ఒకటి తీసుకొని, పలుచని రబ్బరుతో గొట్టం చేసి, దాని చుట్టూ అమర్చి, పైన నారగుడ్డ చుట్టి మేకులతో బిగించాడు. పిల్లలు బంతిలో గాలి నింపే పంపుతో ఆ గొట్టంలో గాలి ఎక్కించాడు. పిమ్మట గట్టి రబ్బరు పట్టీ ఉన్న సైకిలు చక్రాన్నీ, తన గాలి చక్రాన్నీ ఒకదాని తరువాత ఒకటి అదే నేలపై దొర్లించాడు. గట్టి చక్రం కొంత దూరం పోయి ఒరిగిపోయింది. గాలి చక్రం ఆవరణ చివరి వరకూ పోయి తలుపును తాకింది. విలువైన పరికరాలు గాని, విశ్వవిద్యాలయపు ప్రయోగశాల గాని అక్కడ లేవు. సమస్యను సరిగా అడగగలిగిన మనసు మాత్రమే ఉన్నది.

ఇక్కడ మనం ఒక చిన్న విషయం దగ్గర ఆగాలి. గొట్టంలో గాలి నింపడం తేలికే, నింపిన గాలిని నిలపడం ఎట్లా? మొదటి చక్రానికి డన్లప్ గాలి ఎక్కించిన సన్నని నాళాన్ని బంతి మూతి కట్టినట్టు ముడివేసి బిగించాడు. ప్రయోగానికి అది చాలును గాని, నిత్యం వాడే బండికి చాలదు. గాలి లోపలికి పోవాలి, వెలుపలికి రాకూడదు. కావాలనుకున్నప్పుడు మాత్రం బయటికి వదలగలగాలి. ఈ మూడు షరతులు తీర్చే ద్వారం లేనిదే గాలి చక్రం ఆటవస్తువుగానే మిగిలిపోయేది. అందువల్ల వాల్వు చరిత్ర టైరు చరిత్రకు అనుబంధం కాదు, అందులో ఒక ప్రధాన అధ్యాయమే.

కుమారుని సైకిలు చక్రాలు విజయవంతం కాగా, 1888లో డన్లప్ హక్కుపత్రానికి దరఖాస్తు చేశాడు. ఆ సంవత్సరం డిసెంబరు 7వ తేదీన ఆయనకు పేటెంటు లభించింది. లావుపాటి చక్రాలను చూసి జనం మొదట నవ్వారు. ఆ నవ్వుకు సమాధానం పందెపు మైదానంలో లభించింది. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల మైదానంలో జరిగిన సైకిలు పందేలలో విలియం హ్యూమ్ అనే యువకుడు డన్లప్ గాలి టైర్లు తొడిగిన సైకిలు ఎక్కాడు. ఆయన అంతవరకు అగ్రశ్రేణి వీరుడేమీ కాదు. అయినా ఆ దినం పాల్గొన్న పందేలన్నీ గెలిచాడు. తరువాత లివర్‌పూల్‌లో కూడా విజయం సాధించాడు. గేలి చేసినవారే గాలి టైర్ల కోసం వెదకసాగారు.

ఈ విజయాన్ని గమనించినవారిలో హార్వీ డు క్రాస్ అనే డబ్లిన్ వ్యాపారి ముఖ్యుడు. ఆయన కుమారులు సైకిలు పందెగాళ్ళు. 1889 చివరలో డబ్లిన్‌లో గాలి టైర్ల తయారీకి ఒక కంపెనీ ఏర్పడింది. డన్లప్ తన హక్కులను ఆ సంస్థకు అప్పగించి, ప్రతిఫలంగా కొద్ది ధనమూ, కొన్ని వాటాలూ పుచ్చుకున్నాడు. అంతలోనే పిడుగువంటి వార్త వచ్చింది. గాలి చక్రాన్ని ఆయనకు నలభై ఏళ్ళ ముందే మరొకరు కనిపెట్టి ఉన్నారనీ, కనుక ఆయన పేటెంటు చెల్లదనీ తేలింది.

ఆ పూర్వికుడు కూడా స్కాట్లండువాడే. రాబర్ట్ విలియం థామ్సన్ 1822లో స్టోన్‌హేవెన్‌లో జన్మించి, ఇరవై మూడేళ్ళ వయసులో, అనగా 1845లోనే, గాలి నింపిన చక్రానికి ఇంగ్లండులో పేటెంటు పొందాడు. పిదప ఫ్రాన్సులో, అమెరికాలో కూడా హక్కులు పొందాడు. లోపల గాలి నింపిన రబ్బరుపూత గొట్టమూ, పైన తోలు కవచమూ ఆయన చక్రపు నిర్మాణం. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపుబండ్లకు వాటిని తొడిగి చూపించాడు. ఆ చక్రాలు నిశ్శబ్దంగా నడిచాయి. కాని అప్పటికి సైకిలు యుగం రాలేదు, మోటారు పుట్టనేలేదు, మంచి రబ్బరు చవకగా దొరకలేదు. లోకానికి అవసరం కలగకముందే వచ్చిన ఆవిష్కరణ గనుక అది మరుగున పడిపోయింది. థామ్సన్ 1873లో మరణించాడు. డన్లప్ తన ప్రయోగం చేసేనాటికి ఆ పాత పేటెంటు సంగతి ఎరుగడు. కనుక ఆయనను అనుకర్త అనడం న్యాయం కాదు, థామ్సన్‌ను మరచిపోవడమూ న్యాయం కాదు. మొదట ఊహించినవాడు ఒకడు, లోకం చేత వాడించినవాడు మరొకడు. ఇద్దరికీ దక్కవలసిన గౌరవం ఇద్దరికీ ఇవ్వడమే చరిత్ర చదివినవారి ధర్మం.

మూల పేటెంటు పోయినా కంపెనీ నిలవగలిగినది ఇతరుల చేర్పుల వల్లనే. తొలి టైర్లు చక్రపు రేకుకు జిగురుతో అంటించబడి ఉండేవి. ఒక్క ముల్లు గుచ్చుకుంటే టైరు ఊడదీసి అతికించడానికి గంటలు పట్టేది. 1890లో వెల్చ్ అనే ఆయన అంచులలో తీగ పొదిగిన టైరునూ, బార్ట్‌లెట్ అనే ఆయన రేకు అంచుకు పట్టుకొని నిలిచే టైరునూ రూపొందించారు. ఆ హక్కులను కంపెనీ కొన్నది. 1891 ప్రాంతంలో ఉడ్స్ అనే వ్యక్తి రబ్బరు తొడుగుతో పనిచేసే వాల్వును తయారుచేశాడు. మన పల్లెలలోనూ పట్టణాలలోనూ సైకిలు షాపుల వద్ద వాల్వు ట్యూబు అని పిలిచే సన్నని రబ్బరు గొట్టం ఆ వాల్వుకు చెందినదే. లోపలికి వచ్చే గాలి ఆ తొడుగును విప్పార్చుకొని దారి చేసుకుంటుంది. లోపలి గాలి అదే తొడుగును నొక్కి దారి మూసివేస్తుంది. దీనిని చాలా దేశాలలో డన్లప్ వాల్వు అని పిలుస్తారు. చేసినవాడు ఉడ్స్, పేరు మాత్రం డన్లప్‌ది.

కార్ల వాల్వు కథ అమెరికాలో నడిచింది. జర్మనీ నుండి వలసవెళ్ళి న్యూయార్కులో స్థిరపడిన ఆగస్ట్ ష్రేడర్ ఇత్తడి పనిలో నేర్పరి. రబ్బరు వస్తువులకు ఇత్తడి అమరికలు, సముద్రంలో మునిగేవారికి శిరస్త్రాణాలు, గాలి పంపులు చేసేవాడు. నీటి అడుగున ఉన్న మనిషికి గాలి అందించే పనిలో అబ్బిన నైపుణ్యం టైరులో గాలి నిలిపే పనికి అక్కరకు వచ్చింది. ఆయన కుమారుడు జార్జి 1893లో వాల్వుకు పేటెంటు పొందాడు. కాలక్రమాన మెరుగులు దిద్దుకొని, నేటికీ లోకంలోని కార్ల చక్రాలన్నిటికీ ఆధారంగా ఉన్నది ఆ ష్రేడర్ వాల్వే.

డన్లప్ విషయానికి మళ్ళీ వద్దాం. ఆయన 1892లో పశువైద్యం మాని డబ్లిన్‌లో స్థిరపడ్డాడు. కంపెనీ పెద్దలకూ ఆయనకూ అభిప్రాయాలు కలియలేదు. 1890ల మధ్యనే ఆయన కంపెనీ నుండి తప్పుకొని వాటాలు అమ్మివేశాడు. 1896లో హూలీ అనే ఆర్థిక వ్యాపారి ఆ కంపెనీని 30 లక్షల పౌండ్లకు కొని, కొద్దికాలంలోనే 50 లక్షల పౌండ్లకు ప్రజలకు వాటాలుగా అమ్మాడు. ఆ మహాసంపదలో డన్లప్‌కు చెప్పుకోదగిన భాగం లేదు. ఆయన నిష్క్రమించిన తరువాతనే ఆయన పేరు ప్రపంచమంతటా వ్యాపారచిహ్నమయింది. తరువాతి కాలంలో ఆయన డబ్లిన్‌లోని ఒక వస్త్రవ్యాపార సంస్థతో సంబంధం పెట్టుకొని నిరాడంబరంగా జీవించాడు. 1921 అక్టోబరులో జలుబు చేసి, అదే నెల 23వ తేదీన డబ్లిన్‌లోని స్వగృహంలో ఎనభై ఒకటవ ఏట కన్నుమూశాడు. డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. గాలి టైరు చరిత్రపై ఆయన వ్రాసిన గ్రంథం మరణానంతరం వెలువడింది. తరువాత ఉత్తర ఐర్లండులోని ఒక బ్యాంకు తన పది పౌండ్ల నోటుపై ఆయన చిత్రాన్ని ముద్రించి గౌరవించింది.

ఆయన పేరు మన దేశానికి కూడా చేరింది. 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్లప్ టైర్ల కర్మాగారం వెలసింది. అది నేడు మూతపడింది. మన హైదరాబాదులో 1932లో నిజాం రైల్వే శాఖ ఆధ్వర్యాన 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభమయింది. గాలి చక్రం మన సామాన్య ప్రజల ప్రయాణంలో ప్రవేశించిన ముఖ్యఘట్టాలలో అది ఒకటి. 1970లలో తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి ఇటు తరలిరావడం మొదలయింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయింది. క్రమంగా జూబిలీ హిల్స్ కొండలు, ఫిల్మ్ నగర్ వాలులు స్టూడియోలతో, ఇళ్ళతో నిండాయి. చిత్రీకరణకు తెల్లవారుజామున బయలుదేరే బండి మొదలు అర్ధరాత్రి ఇంటికి చేరే బండి వరకు అన్నీ డన్లప్ ముడివేసిన ఆ గాలి మీదనే నడుస్తాయి.

ఇట్టిచోట వాల్వు లీకును గూర్చి నాలుగు మాటలు చెప్పడం అప్రస్తుతం కాదు. ట్యూబు లేని నేటి టైరులో వాల్వు రబ్బరు కాడ రేకులోని రంధ్రంలో బిగిసి ఉంటుంది. కాడ లోపల స్ప్రింగుతో కూడిన సన్నని పిన్ను ఉంటుంది. పైన మూత ఉంటుంది. గాలి జారిపోయే దారులు ముఖ్యంగా రెండు: పిన్ను వదులై గాని, దానికింద ధూళి చేరి గాని మూతివద్ద కారడం ఒకటి, ఎండకూ కాలానికీ రబ్బరు పగిలి కాడ మొదట్లో కారడం రెండవది. ఆరోగ్యంగా ఉన్న టైరు కూడా నెలకు సుమారు ఒక పౌండు ఒత్తిడి కోల్పోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే మరో పౌండున్నర వరకు తగ్గవచ్చును. కనుక చలికాలపు ఉదయం కొద్దిగా తగ్గిన ఒత్తిడిని చూసి కలవరపడనక్కరలేదు. నాలుగింటిలో ఒక్క చక్రమే మాటిమాటికీ తగ్గుతున్నదంటే మాత్రం కారణం వెదకాలి.

పరీక్ష అతి సులభం. బండి చల్లబడి ఉన్నప్పుడు గాలి సరిగా నింపి, మూత తీసి, సబ్బునీటిని వాల్వు మూతిలోనూ, కాడ మొదట్లోనూ పోసి కొద్దిసేపు చూడాలి. కాడను మెల్లగా ఇటూఅటూ వంచి కూడా చూడాలి. మూతివద్ద బుడగ ఉబికితే వాల్వు తాళంతో పిన్నును కుడివైపుకు కొద్దిగా బిగిస్తే చాలవచ్చు. మితిమీరి బిగిస్తే దాని రబ్బరు చెడుతుంది. అప్పటికీ బుడగలు ఆగకపోతే పిన్ను మార్చాలి. పిన్ను విప్పితే టైరులోని గాలి అంతా వచ్చేస్తుంది, ఒక్కోసారి పిన్ను ఎగిరి తగులుతుంది. కనుక బండిని జాకీపై నిలిపి, ముఖం దూరంగా ఉంచి పనిచేయాలి. కాడ మొదట్లో బుడగలు వస్తే జిగురు పూయడం వృథా, ప్రమాదకరం కూడా. రేకు నుండి టైరు అంచు విడదీసి కాడనే మార్చాలి. అది యంత్రమున్న షాపువారి పని. ఒత్తిడిని తెలిపే పరికరం వాల్వుకు జతచేసిన కార్లలో దానికి తగిన కాడనే వేయించాలి. ట్యూబు ఉన్న టైరయితే వాల్వు ట్యూబులోనే అతికి ఉంటుంది గనుక మొదలు పగిలినప్పుడు ట్యూబే మార్చాలి. కొత్త టైరు వేయించినప్పుడల్లా కొత్త కాడ వేయించడం, మూత పోతే వెంటనే మరొకటి పెట్టడం మంచి అలవాట్లు. ఆ మూత అలంకారం కాదు. దుమ్మును ఆపేదీ, రెండవ కాపలాగా నిలిచేదీ అదే.

ఇంత చిన్న లోపానికి ఇంత శ్రద్ధ ఎందుకు అని కొందరు అడగవచ్చును. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది. వంగినకొద్దీ వేడెక్కుతుంది. వేసవి ఎండలో, వేగంలో ఆ వేడి టైరును లోపలనుండి చీల్చివేయగలదు. కొన్ని రూపాయల పిన్నును అలక్ష్యం చేసిన ఫలితం కొన్ని ప్రాణాలు కావచ్చును. రోడ్డు అంచున గొడుగు కింద కూర్చొని, ఉర్దూలోనో తెలుగులోనో పలకరించి, సబ్బునీటి డబ్బాతో బుడగ వెదికే పంక్చరు పనివాడు చేసేది ప్రాణరక్షణ. అతని విద్యకు పట్టా లేకపోవచ్చును గాని, సరిగా చూసి సరిగా నిర్ణయించడంలో అతడు కూడా డన్లప్ మార్గంలోనివాడే.

డన్లప్ జీవితం విద్యార్థులకు చెప్పేది ఏమిటి? ఆవిష్కరణకు వృత్తి అడ్డు కాదు. ప్రేమతో గమనించినవానికి పిల్లవాని మూడు చక్రాల బండి కూడా పాఠశాలే. ఏ మహాకార్యమూ ఒక్కరి చేతిమీదుగా పూర్తికాదు. థామ్సన్ ఊహ, డన్లప్ ప్రయోగం, హ్యూమ్ పందెం, వెల్చ్ తీగ, ఉడ్స్ రబ్బరు తొడుగు, ష్రేడర్ ఇత్తడి పిన్ను కలిస్తేనే నేటి చక్రం. కీర్తి ఒకరికి, ధనం మరొకరికి, మరపు ఇంకొకరికి దక్కినా, పని మాత్రం మానవాళి అంతటికీ మిగిలింది. మన కళాశాల నుండి రేపు బయటికి వెళ్ళే యువతీయువకులు ఏ వృత్తిలో ప్రవేశించినా, ఎదుటివాని చిన్న కష్టాన్ని చూసి ఆగగలగాలనీ, చిన్న లోపాన్ని చిన్నదిగా ఉండగానే సరిదిద్దగలగాలనీ మేము ఆశిస్తున్నాము.